సూపర్‌నేచురల్‌లో ఆర్చేంజెల్ అంటే టాప్, చర్చి లెక్కలో కింద నుంచి రెండోదా? ఏది నిజం?

#1 నైట్‌షిఫ్ట్_నాని
అందరికీ నమస్తే. సూపర్‌నేచురల్ ఇప్పుడు మొదలెట్టా. 2005లో వచ్చి 2020లో అయిపోయిన సిరీస్ ఇప్పుడా చూసేది అని తిట్టకండి, 15 సీజన్లు 327 ఎపిసోడ్లు అనేసరికి భయమేసి ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. ప్రస్తుతం సీజన్ 5 మధ్యలో ఉన్నా, స్పాయిలర్లు వద్దు (శీనూ నీకే చెప్తున్నా).

డౌట్ ఏంటంటే, ఇందులో ఆర్చేంజెల్స్ నలుగురే, మైకేల్, లూసిఫర్, రఫాయేల్, గాబ్రియేల్. మిగతా ఏంజెల్స్‌కి వాళ్ళ పేరెత్తితేనే చెమటలు. సీజన్ 4 చివర్లో ఆ ప్రవక్త చక్ ఇంట్లోకి ఆర్చేంజెల్ దిగేటప్పుడు ఇల్లు ఇల్లంతా ఊగిపోయి తెల్లటి వెలుగు కమ్మేస్తుంది, కాస్టియెల్ లాంటి ఏంజెలే ఆ దెబ్బకి ముక్కలైపోయాడు. సరే దేవుడి తర్వాత వీళ్ళే అనుకున్నా. మా రూమ్మేట్ ఆర్సీఎమ్ (రోమన్ కాథలిక్), వాడు నవ్వి "మా లెక్కలో తొమ్మిది వరసలు, మీ ఆర్చేంజెల్‌ది ఎనిమిదోది" అన్నాడు. నిజమేనా? అసలు ఆ లిస్టు ఎవరు రాశారు?

#2 గుణదల_గంట
నిజమే తమ్ముడూ. పై నుంచి చెప్తా రాసుకో. సెరాపులు, కెరూబులు, సింహాసనాలు. ఆ కింద ప్రభుత్వాలు, బలాలు, అధికారాలు. ఆ కింద ప్రధానులు, ప్రధానదూతలు, చివరాఖర్న మామూలు దూతలు. మూడు మూళ్ళు తొమ్మిది.

రాసినాయన సుమారు 500 ప్రాంతంలో సిరియా వైపు మనిషి అంటారు, గ్రీకులో రాశాడు. అసలు పేరు ఎవరికీ తెలీదు, పౌలు ఏథెన్సులో ప్రసంగం చేసినప్పుడు నమ్మిన దియొనూసియు ఉన్నాడు కదా అపొస్తలుల కార్యాల్లో, ఆ పేరు పెట్టేసుకున్నాడు. దాంతో మధ్యయుగం అంతా నిజంగా పౌలు శిష్యుడే రాశాడనుకుని నెత్తిన పెట్టుకున్నారు, 13వ శతాబ్దంలో చర్చి పండితుడు థామస్ అక్వినాస్ కూడా దాన్నే తీసుకున్నాడు. పేర్లన్నీ బైబిల్లో ఉన్నవే, కొలొస్సయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో సింహాసనాలు, ప్రభుత్వాలు, ప్రధానులు, అధికారాలు అని నాలుగు వరసగా వస్తాయి. కానీ వీటిని మెట్లు మెట్లుగా పేర్చింది మాత్రం ఈయనే.

ఆయన లాజిక్ ఏంటంటే దేవుడికి ఎంత దగ్గరగా ఉంటే అంత పెద్ద, మనకి ఎంత దగ్గరగా ఉంటే అంత చిన్న. వెలుగు పై వరస నుంచి కింద వరసకి దిగుతూ మన దాకా వస్తుంది. అంటే మనుషుల దగ్గరికొచ్చి కబురు చెప్పడం అనేది కింది స్థాయి డ్యూటీ అన్నమాట. ఇందులో తమాషా ఏంటంటే యెషయా 6లో సెరాపు ఎగిరొచ్చి నిప్పుతో ప్రవక్త పెదాలు ముట్టుకుంటాడు. అంత టాప్ ర్యాంకోడు స్వయంగా దిగొస్తే లిస్టు పాడైపోదూ? దానికి ఒక అధ్యాయం అధ్యాయమే కేటాయించి, ఆ వచ్చింది కింది దూతే, సెరాపు పని చేశాడు కాబట్టి ఆ పేరుతో పిలిచారు అని సర్దుకునే వివరణ కూడా ఇచ్చాడు.

#3 స్పాయిలర్_శీను
గంట అక్కా సూపర్. నానీ నీ స్పాయిలర్ల సంగతి నేను చూసుకుంటాలే.

టీవీ వైపు నుంచి నా మాట వినండి. ఎరిక్ క్రిప్కీ ఈ సిరీస్ మొదలెట్టినప్పుడు ఏంజెల్స్ అసలు వద్దనే అనుకున్నాడు, దెయ్యాలు, రాక్షసులు, ఇద్దరు అన్నదమ్ములు, ఒక నల్ల కారు, అంతే. 2008లో సీజన్ 4 మొదటి ఎపిసోడ్‌లో ఆ గోడౌన్ తలుపులు బద్దలుకొట్టుకుని బల్బులు పేలుతుంటే కాస్టియెల్ నడిచొచ్చే సీన్‌తో మొత్తం మారిపోయింది. అక్కణ్ణుంచి కథ మైకేల్ వర్సెస్ లూసిఫర్, అంటే పెద్దన్న వర్సెస్ తిరగబడ్డ తమ్ముడు, తండ్రేమో ఇల్లొదిలి పోయాడు. ఇప్పుడు మన ఇద్దరు హీరోలు డీన్, శామ్ ఎవరో చెప్పండి. పెద్దోడు నాన్న మాట జవదాటడు, చిన్నోడు ఎదురు తిరిగాడు, నాన్న ఎప్పుడూ ఇంట్లో ఉండడు. ఆ పోలిక పెట్టడానికే పైన నలుగురు కావాల్సొచ్చింది. సెరాపుల్ని పైన పెడితే డ్రామా ఎక్కడ పుడుతుంది, వాళ్ళకి పేర్లు లేవు, అన్నదమ్ములు లేరు, రోజంతా పరిశుద్ధుడు పరిశుద్ధుడు అని పాడటమే. ఊళ్ళో పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల తగాదా ఎలా ఉంటుందో అదే తగాదా ఆకాశంలో పెడితే అది సీజన్ 5.

#4 మెదక్_మల్లెచెట్టు
మేము సీఎస్ఐ, ప్రొటెస్టెంట్లం. అక్క చెప్పిన తొమ్మిది వరసలు మా దగ్గర ఎవ్వరూ చెప్పరు, సండే స్కూల్ల కూడ ఎన్నడు వినలే. బైబిల్ల ప్రధానదూత అనే మాట రెండే రెండు చోట్ల ఉంటది, యూదా పత్రిక 9వ వచనం, 1 థెస్సలొనీకయులు 4:16. అందుల పేరు పెట్టి పిలిచింది ఒక్క మిఖాయేలునే. గబ్రియేలును బైబిల్ ఎక్కడ కూడ ప్రధానదూత అనలేదు, దేవుని ముంగట నిలబడేటోణ్ణి అని లూకాల తనే చెప్పుకుంటడు, అంతే. లూసిఫర్ ఆర్చేంజెల్ అని అస్సలు లేదు.

నాకు సీరియల్ల నచ్చనిది ఇంకోటి. యూదా 9ల ఏమున్నది? మోషే శవం గురించి మిఖాయేలుకు సాతానుకు వాదన పడ్తది. అక్కడ కూడ మిఖాయేలు తిట్టడు, తీర్పు చెప్పడు, "ప్రభువు నిన్ను గద్దించును గాక" అని ఊకుంటడు. పక్కన సాతానే ఉన్నా గీత దాటలేదు. గసుంటి మనిషిని తెచ్చి టీవీల సగం భూమి కాలిపోయినా పర్వాలేదు మా నాయిన ఆర్డర్ అనేటోని లెక్క చూపిస్తె ఎట్ల.

#5 గోదారి_గాలి
మల్లెచెట్టు గారూ మరి ప్రకటన 12లో ఘటసర్పంతో యుద్ధం చేసింది ఆ మిఖాయేలే కదండీ, తన దూతల్ని వెంటేసుకుని. సైన్యం నడిపేవాడికి ఎనిమిదో ర్యాంకు ఏంటండీ, నాకు అదే అర్థం కావట్లేదు.

#6 గుణదల_గంట
గాలి గారూ ఆ ప్రశ్న పాతకాలం పండితులకే తలనొప్పి తెచ్చింది. బోనవెంచర్ ఏమో మిఖాయేలు సెరాపులకే రాజు అన్నాడు. అక్వినాస్ ఏమో ఆఖరి వరసకి నాయకుడు అన్నాడు. ఇద్దరూ ఒకే కాలం వాళ్ళు, ఇద్దరూ పారిస్‌లో పాఠాలు చెప్పినవాళ్ళే. చర్చి ఎటూ తేల్చి చెప్పలేదు, తొమ్మిది వరసలు కూడా విశ్వాస సూత్రం కాదు, నమ్మి తీరాలి అని ఎక్కడా లేదు. కాబట్టి నానీ మీ రూమ్మేట్ చెప్పింది సంప్రదాయం, శాసనం కాదు.

మల్లెచెట్టూ, మీ బైబిల్ 66 పుస్తకాల్లో లేదు గానీ మా బైబిల్లో తోబీతు గ్రంథం ఉంది, అందులో రఫాయేలు నేను దేవుని ముందు నిలిచే ఏడుగురిలో ఒకణ్ణి అంటాడు. ఆ కథ ఎంతమందికి తెలుసో తెలీదు, చెప్పనా?

#7 నైట్‌షిఫ్ట్_నాని
చెప్పక్కా. సిరీస్‌లో రఫాయేల్ అంటే నాకు వణుకు. పవిత్ర తైలం పోసి నిప్పు పెట్టి ఆ రింగులో ఇరికించినా వాడి కళ్ళలో బెదురే లేదు, దేవుడు చచ్చిపోయాడని వాడే చెప్తాడు.

#8 గుణదల_గంట
అసలు రఫాయేలు పూర్తిగా రివర్స్. నీనెవెలో తోబీతు అని మంచాయన, పిచ్చుకల రెట్ట కళ్ళలో పడి చూపు పోతుంది. దూరదేశంలో ఎవరి దగ్గరో దాచిన డబ్బు తెమ్మని కొడుకు తోబియాని పంపిస్తాడు. తోడు కోసం ఒక కుర్రాణ్ణి కూలికి మాట్లాడతారు, రోజుకి ఇంత అని బేరం కూడా ఆడతారు, అతనే రఫాయేలు, మారుపేరుతో వచ్చాడు. ఇద్దరూ బయల్దేరితే వెనకాల ఇంట్లో కుక్క కూడా నడుస్తుంది. మొత్తం బైబిల్లో ఓ పెంపుడు కుక్క యజమానితో షికారుకెళ్ళింది ఇక్కడేనేమో.

టైగ్రిస్ ఒడ్డున కాళ్ళు కడుక్కుంటుంటే పెద్ద చేప పైకెగిరి కుర్రాడి పాదం మింగబోతుంది. పట్టుకో, కోసి గుండె, కాలేయం, పిత్తం దాచిపెట్టు, మిగతాది వండుకుందాం అంటాడు రఫాయేలు. దారిలో సారా అనే పిల్ల, ఆమెకి ఏడు పెళ్ళిళ్ళయ్యాయి, ఏడుగురు మొగుళ్ళనీ అస్మోదియస్ అనే దెయ్యం తొలిరాత్రే చంపేసింది. తోబియాకి ఆమెనిచ్చి పెళ్ళి చేస్తారు. గదిలో ధూపం నిప్పుల మీద ఆ చేప గుండె, కాలేయం వేస్తే ఆ కంపుకి దెయ్యం ఈజిప్టు దాకా పారిపోతుంది, రఫాయేలు అక్కడికెళ్ళి కట్టేస్తాడు. ఈలోపు మామగారు ఏం చేస్తున్నాడో తెలుసా, రాత్రికి రాత్రే పెరట్లో గొయ్యి తవ్విస్తున్నాడు! ఎనిమిదో అల్లుడు కూడా పోతాడు, తెల్లారేలోపు ఎవరికీ తెలీకుండా పాతేద్దామని. పనిమనిషి దీపం పట్టుకుని తొంగి చూసి ఇద్దరూ హాయిగా నిద్రపోతున్నారని చెప్పాక, మళ్ళీ గొయ్యి పూడ్పించాడు.

ఆఖర్న పిత్తం పూస్తే ముసలాయనకి చూపొస్తుంది. అప్పుడు రఫాయేలు తనెవరో చెప్తాడు, ఇన్నాళ్ళూ మీతో తిన్నట్టు కనిపించానే గానీ ఏమీ తినలేదు అని కూడా చెప్తాడు. ఇంత కథ పెట్టుకుని టీవీ వాళ్ళు రఫాయేలుని సైన్యాధిపతిని చేసి పడేశారు, నాకు ఒళ్ళు మండుతుంది.

#9 స్పాయిలర్_శీను
వామ్మో పెరట్లో గొయ్యి. ఇది సూపర్‌నేచురల్ సీజన్ 1 ఎపిసోడే. ఇద్దరు కుర్రాళ్ళు రోడ్డు మీద, దెయ్యం, ధూపం, పరాయి ఊరు. కుక్క ఎక్స్‌ట్రా.

#10 పాతబస్తీ_పరాఠా
సలాం అందరికీ. మా తరఫు నుంచి కూడ కొంచెం చెప్త. మా దాంట్ల పెద్ద ఫరిష్తాలు అంటే నలుగురి పేర్లు చెప్తరు, జిబ్రయీల్, మీకాయీల్, ఇస్రాఫీల్, మలకుల్ మౌత్. జిబ్రయీల్ వహీ, అంటే దేవుని సందేశం తెచ్చేటాయన, హిరా గుహల ఫస్ట్ వచ్చింది ఆయననే. మీకాయీల్‌కు వాన, రిజ్క్ (తిండి) డ్యూటీ. ఇస్రాఫీల్ సూర్ (బూర) పట్టుకొని నోటికి పెట్టుకొని హుకుం కోసం చూస్తుంటడు. మలకుల్ మౌత్ జాన్ తీస్కపోయేటాయన, అందరు అజ్రాయీల్ అంటరు గాని ఖురాన్ల ఆ పేరు లేదు, మౌత్ ఫరిష్తా అనే ఉంటది. ఇస్రాఫీల్ పేరు కూడ ఖురాన్ల లేదు, హదీసుల్ల (ప్రవక్త మాటల పుస్తకాలల్ల) ఉన్నది.

ఇంగ అసల్ పాయింట్. మా దాంట్ల కబురు తెచ్చే జిబ్రయీలే అందరికన్న పైన. అక్క చెప్పిన లిస్టుకు పూరా ఉల్టా. ప్రవక్త ఆయన అసల్ రూపంల రెండే సార్లు చూసిన్రని హదీసు, ఆరు వందల రెక్కలు, ఆస్మాన్ అంచు మొత్తం కప్పేసినయంట.

ఇంకోటి, ఇబ్లీస్, అంటే మీ సాతాను, ఫరిష్తానే కాదు. సూరా కహఫ్‌ల సాఫ్ రాసి ఉన్నది, జిన్నాతులల్ల ఒకడు అని. నిప్పుతోని పుట్టిండు, ఆదంకు సజ్దా (సాష్టాంగం) చెయ్యమంటే చెయ్యలే. ఫరిష్తాలు దేవుని మాట కాదనరు, కాదనే తాకతే లేదు. గట్లైతే మీ అన్నదమ్ముల పంచాయితీకి మా దగ్గర జాగనే లేదు భై, సీజన్ 5 మొత్తం క్యాన్సిల్.

#11 డాలస్_దోసె
పరాఠా భాయ్ హహహ.

గుడ్ ఓమెన్స్ ఎవరూ ఎత్తట్లేదేంటి? ప్రైమ్‌లో 2019లో మొదటి సీజన్, 2023లో రెండోది. అందులో స్వర్గం అంటే తెల్లటి ఖాళీ ఆఫీసు, అద్దాలు, ఎక్కడా ఒక కుర్చీ కూడా కనపడదు. గాబ్రియేల్‌గా జాన్ హామ్, లేత బూడిద రంగు సూటు, వచ్చి భుజం తట్టి నవ్వుతూ మాట్లాడతాడు, ఆ నవ్వు చూస్తే మనకి అప్రైజల్ మీటింగ్ గుర్తొచ్చి కడుపులో తిప్పుతుంది. హీరో ఏంజెల్ అజీరాఫేల్ సుషీ తింటుంటే పక్కన కూచుని ఇలాంటి స్థూల పదార్థంతో నా దేహాన్ని పాడు చేసుకోను అన్నట్టు మొహం పెడతాడు. గంట గారి తోబీతు కథ చదివాక ఆ సీన్‌కి ఇంకో అర్థం వచ్చింది నాకు. అక్కడ రఫాయేలు తినకపోయినా ఇంటివాళ్ళు బాధపడకూడదని తిన్నట్టు కూచున్నాడు. ఇక్కడ గాబ్రియేల్ తినకపోవడమే గొప్ప అనుకుంటున్నాడు.

ర్యాంకుల గురించి అసలు మజా ఇది. 1990లో వచ్చిన నవల ప్రకారం అజీరాఫేల్ ప్రధానుల వరసలో వాడు, అంటే పాత లిస్టులో ఏడో ర్యాంకు, ఆర్చేంజెల్ కన్నా ఒక మెట్టు పైన. రూల్ ప్రకారం గాబ్రియేలే లేచి నిలబడాలి. కానీ సిరీస్ అంతా అజీరాఫేలే చేతులు కట్టుకుని అవునండీ అవునండీ అంటుంటాడు. రెండో సీజన్ చివర్లో దేవుడి తరఫున మాట్లాడే మెటాట్రాన్ వచ్చి నిన్ను సుప్రీమ్ ఆర్చేంజెల్ చేస్తా రా అంటే వీడు ప్రేమని, పుస్తకాల షాపుని వదిలేసి లిఫ్టు ఎక్కేస్తాడు. అక్క లిస్టు చూస్తే అది ప్రమోషన్ కాదు, డిమోషన్.

#12 నైట్‌షిఫ్ట్_నాని
దోసె అన్నా ఆ ముక్క మా రూమ్మేట్‌కి చదివి వినిపించా, వాడు నేల మీద దొర్లి నవ్వాడు.

#13 సీమ_టపాకాయ
అందరూ నవ్వుకుంటాండారు గానీ నాది ఒగ కోపం ఉండాది. సూపర్‌నేచురల్ సీజన్ 5 లోనే ఒగ ఎపిసోడ్ ఉండాది, యాడనో హోటల్‌లో ప్రపంచంలో ఉండే దేవుళ్ళందరినీ మీటింగ్ పెట్టి కూచోబెడ్తారు. ఓడిన్, బాల్డర్, మెర్క్యురీ, వాళ్ళతో పాటు మా కాళికాదేవి, మా వినాయకుడు. మనుషుల్ని పట్టి తెచ్చి వండుకోని తినేటట్టు చూపిచ్చినారు. ఆ డీన్ గాడు రూములో తొంగిచూస్తే ఏనుగు కనపడ్తాది, కామెడీ అంట. ఆఖర్న లూసిఫర్ వచ్చి అందరినీ నలిపేస్తాడు, వినాయకుణ్ణి గూడా. ఏందప్పా ఇది? వినాయక చవితికి ఉండ్రాళ్ళు పెట్టి పూజ చేసే స్వామిని తీస్కపోయి ఒగ వెబ్ సిరీస్ సైతాను చేతిలో సంపిస్తారా?

#14 నైట్‌షిఫ్ట్_నాని
అన్నా స్పాయిలర్!!! నేను ఇంకా అక్కడికి రాలేదు

#15 స్పాయిలర్_శీను
చూశారా, నేను నోరు మూసుకుని కూచుంటే ఇంకొకరు చెప్పేశారు. నా పేరు ఊరికే చెడగొట్టారు.

టపాకాయ అన్నా నీ కోపం న్యాయమే. 2010 ఏప్రిల్‌లో వచ్చిందది. కాళికి మాత్రం కాస్త మర్యాద ఉంది, ఆవిడ చావదు, తప్పించుకుపోతుంది, గాబ్రియేల్ ఆవిడ్ని ప్రేమించినట్టు చూపిస్తారు. కానీ మొత్తంగా ఆ సిరీస్ రూల్ ఏంటంటే వాళ్ళ ఇంటి దేవుడూ వాళ్ళ ఆర్చేంజెల్సే పెద్ద, మిగతా ప్రపంచం దేవుళ్ళంతా రాక్షసుల లెవెల్. ఓడిన్‌కీ అదే గతి. వెయ్యేళ్ళ పూజలున్న దేవుళ్ళని ఒక చిటికెతో లేపేస్తేనే గానీ మా లూసిఫర్ ఎంత పవర్‌ఫుల్లో ప్రేక్షకుడికి అర్థం కాదు అనుకున్నారు. రాసేవాళ్ళకి అది సులువు పని. నాకు ఆ సిరీస్ ప్రాణం, అయినా ఆ ఎపిసోడ్ మాత్రం సమర్థించను.

#16 మెదక్_మల్లెచెట్టు
మాకు కూడ గా ఎపిసోడ్ చూసి సంతోషం ఏం కాలేదన్నా. అందుల లూసిఫర్ గెలుస్తుండు, మా దేవుడు కాదు.

#17 సీమ_టపాకాయ
అది గూడా నిజమేలే అక్కా.

#18 గోదారి_గాలి
నాకు కెరూబుల గురించి చెప్పండి ఎవరైనా. మా ఊళ్ళో క్రిస్మస్ నాటకంలో గబ్రియేలు వేషం ఎప్పుడూ మా బాబాయి కొడుక్కే ఇచ్చేవారండీ, పొడుగ్గా ఉంటాడని. అట్టముక్కకి తెల్ల గుడ్డ కుట్టి అంచుకి జరీ కాగితం అంటించి రెక్కలు, రబ్బరు బ్యాండుతో భుజాలకి కట్టేవారు, భయపడకుము మరియా అనే డైలాగు దగ్గర ఒక రెక్క ఎప్పుడూ జారిపోయేది. వాడి చుట్టూ చిన్నపిల్లల్ని నిలబెట్టి వీళ్ళు కెరూబులు అనేవారు. నిజంగా కెరూబులంటే చిన్నపిల్లలేనా?

#19 గుణదల_గంట
కాదు కాదు. యెహెజ్కేలు 1 చదవండి, నాలుగు ముఖాలు, మనిషి, సింహం, ఎద్దు, పక్షిరాజు. నాలుగు రెక్కలు, పక్కనే చక్రాల్లో చక్రాలు, వాటి అంచుల నిండా కళ్ళు. పదో అధ్యాయంలో వీటినే కెరూబులు అంటాడు. ఆదికాండంలో ఏదెను తోటకి తూర్పున కాపలా పెట్టింది కెరూబుల్నే, ఖడ్గజ్వాలతో. నిబంధన మందసం మూత మీద రెక్కలు చాచి ఉన్నవీ అవే. ఇటలీ చిత్రకారులు బొద్దు పిల్లల బొమ్మలు వేసి వేసి అందరి బుర్రల్లో అదే కూచుంది.

#20 స్పాయిలర్_శీను
సూపర్‌నేచురల్‌లో దాని మీదే జోకు వేశారు. వాలెంటైన్స్ డే ఎపిసోడ్‌లో మన్మథుడు వస్తాడు, బొద్దుగా, ఒంటి మీద నూలుపోగు లేకుండా, కనపడ్డవాణ్ణల్లా కౌగిలించుకుంటాడు. వాడు కెరూబు, థర్డ్ క్లాస్. నాలుగు ముఖాల సింహం అక్కడికి చేరింది చివరికి.

ఇంకో పక్క ఇన్‌స్టాలో అసలైన బైబిల్ ఏంజెల్ అంటూ చక్రాలూ కళ్ళూ పెట్టి భయపెట్టే మీమ్స్ తిరుగుతున్నాయి కదా, అవి కరెక్టేనా అక్కా?

#21 గుణదల_గంట
సగం. ఆ చక్రాలూ కళ్ళూ సింహాసనం దగ్గరవి, కబురు తెచ్చేవి కావు. అబ్రాహాము గుడారం దగ్గరికి వచ్చినవాళ్ళు మామూలు మనుషుల్లాగే ఉన్నారు, కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చి దూడ మాంసం వండి పెట్టాడు. గబ్రియేలుకి రెక్కలున్నాయని లూకా ఎక్కడా రాయలేదు. కాబట్టి గాలి గారూ, మీ బాబాయి కొడుకు రెక్క జారినా నష్టం లేదు.

#22 బాపట్ల_బాబ్జీ
కొత్త మెంబర్ని. మేము అడ్వెంటిస్టులం, మా బోధలో మిఖాయేలు అంటే క్రీస్తే, సృష్టించబడిన దూత కాదు, దూతల మీద అధిపతిగా క్రీస్తుకున్న బిరుదు అది. యెహోవా సాక్షులు కూడా మిఖాయేలు యేసే అంటారు గానీ వాళ్ళు యేసు సృష్టించబడినవాడు అంటారు, మేమలా అనం. ఈ లెక్కన ప్రధానదూత ఒక్కడే, ర్యాంకు లిస్టులో ఎక్కడా పెట్టలేం.

#23 మెదక్_మల్లెచెట్టు
బాబ్జీ అన్నా దాని మీద నాకు చాన చెప్పేది ఉన్నది. హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయం

#24 మోడ్_మావయ్య
ఆగండి ఆగండి. శాఖల వాదన వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి, ఇది టీవీ సెక్షన్. బాబ్జీ గారికి స్వాగతం. పనిలో పని నా ప్రశ్న ఒకటి, లూసిఫర్ సిరీస్‌లో ఆ అమెనాడియెల్ ఎవరయ్యా? బైబిల్లో వెతికితే దొరకలేదు.

#25 డాలస్_దోసె
దొరకడు మావయ్యా. 17వ శతాబ్దం నాటి మంత్రాల పుస్తకాల్లో పడమటి దిక్కుకి చక్రవర్తి అయిన ఒక భూతం పేరది. దాన్ని తీసుకొచ్చి కామిక్స్‌లో ఏంజెల్ని చేశారు, అక్కణ్ణుంచి సిరీస్‌లో అందరికన్నా పెద్దన్నయ్య. 2016లో ఫాక్స్‌లో మొదలైంది, మూడు సీజన్లకి ఆపేస్తే ఫ్యాన్స్ గోల చేసి నెట్‌ఫ్లిక్స్‌కి తెచ్చుకున్నారు, 2021లో ముగిసింది. అయిదో సీజన్లో మైకేల్ వస్తాడు, లూసిఫర్‌కి కవల, హీరో టామ్ ఎల్లిసే డబుల్ యాక్షన్. ఒకడు లండన్ యాసలో స్టైలుగా, ఒకడు భుజం వంకరపెట్టి అమెరికన్ యాసలో కుళ్ళుగా. మన తెలుగోళ్ళకి అది అర్థం కావడానికి సబ్‌టైటిల్ అక్కర్లేదు, మంచోడు చెడ్డోడు కవలలు అని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం, కాకపోతే ఇక్కడ సాతాను మంచోడు, మిఖాయేలు చెడ్డోడు.

#26 మెదక్_మల్లెచెట్టు
గిదే నేను చెప్పేది. మూడు సీరియళ్ళల్ల మూడింట్ల మిఖాయేలుదో గబ్రియేలుదో పరువు తీసిన్రు. మంచి దూతను మంచిగ చూపిస్తె చూడరా జనం?

#27 పాతబస్తీ_పరాఠా
చూడరు ఆపా. మాట వినేటోనితోని కథ నడ్వదు. అందుకే మా తరఫు ఫరిష్తాల మీద సీరియల్ తీయలేరు ఎవ్వరు, తీసినా ఒక్క ఎపిసోడ్‌ల అయిపోతది. హుకుం వచ్చింది, చేసిండు, ఖతం.

#28 గోదారి_గాలి
ఉరియేలు ఊసే లేదేంటండీ? అన్ని సిరీస్‌లలోనూ ఉంటాడు కదా.

#29 గుణదల_గంట
పాపం ఉరియేలుది మరీ అన్యాయం. హనోకు గ్రంథంలో ఏడుగురి జాబితాలో మొదటి పేరు ఆయనదే, ఇతియోపియా ఆర్థడాక్స్ వాళ్ళకి ఆ గ్రంథం బైబిల్లో భాగం. కానీ 745లో రోములో పోపు జకరియా సభ పెట్టి, ఆల్డెబర్ట్ అనే బోధకుడు ఊరూపేరూ లేని దూతల్ని పిలిచి ప్రార్థన రాశాడని మందలించి, మనకి తెలిసిన పేర్లు మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు మూడే అని తేల్చారు. ఆ దెబ్బలో ఉరియేలు కూడా పోయాడు. 2001లో వాటికన్ మళ్ళీ అదే చెప్పింది, ఈ ముగ్గురికి తప్ప దూతలకి పేర్లు పెట్టకండి అని. సెప్టెంబర్ 29న పండగ కూడా ఈ ముగ్గురికే.

ఎజ్రా పేరుతో ఉన్న ఒక పాత గ్రంథంలో ఉరియేలు సీన్ ఒకటి నాకు చాలా ఇష్టం. యెరూషలేము కూలిపోయింది, మాకెందుకీ గతి, దుర్మార్గులు బాగున్నారెందుకు అని ఎజ్రా అడుగుతాడు. ఉరియేలు ఏమంటాడంటే, సరే చెప్తా, ముందు నువ్వు నాకు నిప్పుని తూకం వేసి చూపించు, గాలిని కొలిచి చూపించు, గడిచిపోయిన రోజుని వెనక్కి పిలువు. ఇంత మాటకారిని టీవీ వాళ్ళు ఏం చేశారు?

#30 స్పాయిలర్_శీను
సూపర్‌నేచురల్‌లో ఊళ్ళు తుడిచిపెట్టే స్పెషలిస్టు, సీజన్ 4 లోనే చస్తాడు, ఆర్చేంజెల్ కూడా కాదు. లూసిఫర్‌లో రెండో సీజన్లో తమ్ముడి వేషం, అక్కడా చస్తాడు. గుడ్ ఓమెన్స్‌లో గాబ్రియేల్ వెనకాల నిలబడి మొహం చిట్లించే బ్యాచ్.

మెటాట్రాన్ మాత్రం మంచి పాత్ర కొట్టేశాడు. యూదుల మతగ్రంథం తాల్ముద్‌లో ఒక కథ ఉంది, స్వర్గంలో ఎవరూ కూర్చోకూడదు, ఇశ్రాయేలు పుణ్యాలు రాయడం కోసం మెటాట్రాన్‌కి మాత్రం కూర్చునే పర్మిషన్ ఇచ్చారు. ఎలీషా బెన్ అబూయా అనే పండితుడు పైకెళ్ళి వాడు కూచుని ఉండటం చూసి, అమ్మో పైన ఇద్దరు దేవుళ్ళున్నారా అనేశాడు. అంతే, మెటాట్రాన్‌కి అరవై నిప్పు కొరడా దెబ్బలు. ఎందుకంటే పండితుణ్ణి చూడగానే లేచి నిలబడలేదు కాబట్టి. సూపర్‌నేచురల్‌లో మెటాట్రాన్ దేవుడి గుమాస్తా, హోటల్ గదిలో పుస్తకాల గుట్టల మధ్య దాక్కుని ఉంటాడు, తర్వాత వాడే దేవుడి కుర్చీ మీద కన్నేస్తాడు. ఆ కథ తెలిసి రాశారో, తెలీక రాశారో గానీ సరిగ్గా అతికింది. సారీ నానీ, అది సీజన్ 8.

#31 నైట్‌షిఫ్ట్_నాని
శీనూ నిన్ను బ్లాక్ చేస్తున్నా.

చేసేముందు ఒకటి చెప్పు, ఆ హోటల్ ఎపిసోడ్ నంబరెంత? టపాకాయ అన్న చెప్పాక చూడాలనిపించట్లేదు, స్కిప్ కొట్టేస్తా.

#32 స్పాయిలర్_శీను
సీజన్ 5, 19వది. స్కిప్ చెయ్యి గానీ ఆఖరి అయిదు నిమిషాలు చూడాలి. గాబ్రియేల్ ఒక డీవీడీ ఇచ్చిపోతాడు, లూసిఫర్‌ని మళ్ళీ ఎలా బంధించాలో అందులోనే ఉంది, అది లేకపోతే ఫైనల్ ముక్క అర్థం కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడు, ఆ డీవీడీ మొదట్లో ఏముంటుందో మీ రూమ్మేట్ వినకపోతేనే మంచిది.

#33 సీమ_టపాకాయ
గణపతి సీన్లు వచ్చినప్పుడు ఫార్వర్డ్ కొట్టు నాయనా, మిగతాది నీ ఇష్టం.